నలభై ఒకటో మందు, పన్నెండు కోళ్ళు

ఆర్హుస్,
9 జనవరి 1996

ప్రియమైన టోర్కిల్ గారికి,

కొత్త సంవత్సరం మొదలై తొమ్మిది రోజులైంది. ఇప్పుడా శుభాకాంక్షలు చెప్పేది అని తిట్టుకోకండి. మీరు ఫోన్ ఎత్తరు. ఎత్తినా వినపడదు, ముప్పై ఏళ్ళపాటు మన సెంట్రిఫ్యూజ్ యంత్రం హోరు మీ చెవులను తినేసింది కదా. అందుకే యాభై ఏళ్ళ వయసులో ఉత్తరం రాయడం మళ్ళీ నేర్చుకుంటున్నాను. చేతిరాత చూసి నవ్వుకోండి, ఫరవాలేదు.

మీరు రిటైరై మార్‌స్టాల్ వెళ్ళి పదిహేను నెలలు. కాఫీ యంత్రం పక్కన మీరు అంటించిన కేకుల జాబితా ఇంకా అక్కడే ఉంది. "తప్పు చేసినవాళ్ళు తప్పేమిటో రాసి సంతకం పెట్టాలి. శుక్రవారం కేకు తేవాలి. ప్రొఫెసర్లకు మినహాయింపు లేదు." ఆ చివరి వాక్యం మీరు నన్ను దృష్టిలో పెట్టుకునే రాశారని నాకు ఇప్పుడు అర్థమైంది. డిసెంబరు నుంచి ఆ కాగితం నిండా నా పేరే. పదకొండేళ్ళ తర్వాత ప్రొఫెసరమ్మ మళ్ళీ బల్ల దగ్గర నిలబడి పిపెట్ పట్టింది మరి! మొదటి వారం కణాలకు ఆహారానికి బదులు సబ్బునీళ్ళు పోశాను. రెండో వారం మైక్రోస్కోప్ లెన్సు మూత తీయకుండా పావుగంట లోపలికి చూశాను. నార్వే నుంచి రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చిన సునీవ అనే పరిశోధకురాలు పక్కనే ఉంది. మీరు ఆమెను చూడలేదు. మహా నెమ్మదస్తురాలు, నవ్వొస్తే కిటికీ వైపు తిరుగుతుంది. "మూత తీసి చూస్తే ఇంకా బాగుంటుందేమో, ఇంగెలీసా" అని కిటికీకి చెప్పింది.

మళ్ళీ పిపెట్ ఎందుకు పట్టావంటారా? ఊరికే. చేతులు తుప్పు పడుతున్నాయని.

అన్నట్టు, చిన్న సందేహం. తొంభై రెండు నవంబరులో మన నలభై ఒకటో నంబరు మందుతో మీరు చేసిన ప్రయోగాలున్నాయి కదా, వాటిలో నోట్‌బుక్‌లో రాయని కిటుకు ఏమైనా ఉందా? తొందరేమీ లేదు. కుతూహలం, అంతే.

మీ,
ఇంగెలీస


మార్‌స్టాల్,
17 జనవరి

ఇంగెలీసా,

నీ చేతిరాత చూసి నవ్వలేదు. భూతద్దం తెచ్చుకున్నాను.

నేను క్షేమం. ముందు కుళాయి గడ్డకట్టింది, తర్వాత రేవు గడ్డకట్టింది, ఇప్పుడు నా మోకాలు అదే దారిలో ఉంది. పొరుగింటి క్రెస్టెన్ రోజూ పదింటికి కాఫీకి వస్తాడు. ఈ దీవి కోళ్ళ పెంపకందార్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. నన్ను మొన్ననే సభ్యుడిగా చేర్చుకున్నారు. నా దగ్గర నాలుగు కోళ్ళే ఉన్నాయి, అందులో ఒకటి గుడ్డిది. అందుకే మీటింగుల్లో నాది తలుపు పక్క కుర్చీ.

నిన్న క్రెస్టెన్ అడిగాడు. "ఇంతకీ ఆ పెద్ద బళ్ళో ముప్పై ఏళ్ళు ఏం వెలగబెట్టావోయ్?"

"కణం రెండుగా విడిపోయేటప్పుడు నడుముకు తాడు చుట్టుకుని బిగించుకుంటుంది. ఆ తాడు లాగే కూలీ ప్రోటీన్లుంటాయి. వాటికి మందు పెట్టి పని ఆపించేవాణ్ణి."

"యూనియన్ మనిషివి గదా, సమ్మె చేయించుంటావ్."

"సమ్మె కాదయ్యా. కూలీ తాడు లాగాలంటే ముద్ద నోట్లో పెట్టుకుని మింగాలి. మింగినప్పుడే చేతికి పట్టొస్తుంది. మా మందు ఇంత పిసరు. అది పోయి దవడ సందులో కూచుంటుంది. ఇక ముద్ద నోట్లోనే. మింగలేడు, కక్కలేడు. తాడేమో చేతిలోంచి జారిపోద్ది."

"మరి ఆ కణం గతేంటి?"

"లోపల కాపురాలు రెండైపోయాయి, మధ్యలో గోడ మాత్రం లేవలేదు. ఒకే ఇంట్లో ఉండిపోతారు."

"మా అన్నదమ్ముల్లాగా అన్నమాట" అని ఇంకో కప్పు పోసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మన పనిని ఇంత త్వరగా అర్థం చేసుకున్న మనిషిని నేను చూడలేదు.

నీ సందేహానికి జవాబు: కిటుకులేమీ లేవు. అంతా నోట్‌బుక్‌లో ఉంది. మందును కరిగించే ద్రావకం పద్దెనిమిది డిగ్రీలకే గడ్డకడుతుంది, మన ల్యాబ్‌లో హీటర్ సంగతి తెలుసు కదా, చేత్తో పట్టుకుని వెచ్చబెట్టి వాడు. పాత సీసా అయితే పారెయ్. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

టోర్కిల్


ఆర్హుస్,
20 ఫిబ్రవరి

ప్రియమైన టోర్కిల్ గారికి,

కుతూహలం అని అబద్ధం చెప్పాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని నేను. మీరు ఆ పాటికే కనిపెట్టి ఉంటారు.

సంగతి ఇది. నలభై ఒకటి పనిచేయడం లేదు. తొంభై మూడులో మన ఇద్దరి పేర్లతో అచ్చయిన వ్యాసం చూసి విదేశాల్లో రెండు ల్యాబ్‌లు ప్రయత్నించి, ఫలితం రాలేదని పత్రికకు రాశాయి. సునీవ ముప్పై ఒక్కసార్లు చేసింది. నేను తొమ్మిదిసార్లు చేశాను, అందులో రెండు సబ్బునీళ్ళ ఖాతాలోకి పోయాయి. కొత్త సీసా, వెచ్చటి ద్రావకం, మీరు చెప్పినవన్నీ అయ్యాయి. కణాలు మన మందును నిమ్మరసంలా తాగేసి, నడుం బిగించి, చక్కగా రెండవుతున్నాయి. పైగా ఇప్పుడు అదంతా కళ్ళారా కనిపిస్తుంది. కొత్త మైక్రోస్కోప్ కొన్నాం. తాడుకు మెరిసే రంగు పూసి, పైనుంచి నీలి వెలుగు కొడితే కణం నడుములో పచ్చటి ఉంగరం వెలుగుతుంది. పది సెకన్లకొక బొమ్మ తీస్తుంది. ఆ రెండు ల్యాబ్‌ల దగ్గరా ఇలాంటివే ఉన్నాయి. నా ఓటమిని ఇంత అందంగా చూపించే యంత్రం ప్రపంచంలో ఇంకొకటి లేదు.

సంపాదకుడు ఏప్రిల్ 30 దాకా గడువిచ్చాడు. ఈలోగా తేడా ఎందుకొచ్చిందో చెప్పాలి, లేదా వ్యాసం వెనక్కి తీసుకోవాలి. వెనక్కి తీసుకుంటే మిగిలేది కేకుల జాబితాలో నా పేరు ఒక్కటే. సునీవ ఒప్పందం కూడా ఈ మందు మీదే ఆధారపడి ఉంది.

మీ నోట్‌బుక్ మళ్ళీ తీశాను. నవంబరు 18. ఒక్క మధ్యాహ్నం, పద్నాలుగు డిష్‌ల కణాలు. సునీవ రోజంతా కూర్చుంటే నాలుగు చేస్తుంది. పైగా ఆ పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. అక్కడికక్కడ రాసినట్టు లేదు, తర్వాత తీరిగ్గా కూర్చుని రాసినట్టుంది. నవ్వుతూనే అడుగుతున్నాను టోర్కిల్ గారూ, ఆ పద్నాలుగు డిష్‌లూ నిజంగా ఉన్నాయా?

ఇంగెలీస


మార్‌స్టాల్,
28 ఫిబ్రవరి

ప్రొఫెసర్ గారికి,

మీ ప్రశ్న అందింది. మూడుసార్లు చదివాను. నవ్వు ఎక్కడుందో దొరకలేదు.

నోట్‌బుక్‌లో ఉన్న ప్రతి అంకె నా కళ్ళతో చూసింది. అంతకు మించి మీకు చెప్పవలసింది లేదు.

రిటైరైన రోజు మీరంతా కలిసి ఇచ్చిన గోడ బారోమీటర్‌ను తిరిగి పంపుదామని పెట్టెలో సర్దాను. సముద్రం గడ్డకట్టి పడవలు ఆగాయి. పైగా అది లేకపోతే రేపు గాలివాన ఉందో లేదో తెలియదు. కాబట్టి మళ్ళీ గోడకే తగిలించాను. కానీ దాన్ని చూడటం మానేశాను.

మంచు పగలగొట్టే ఓడ ఎప్పుడొస్తే అప్పుడు ఈ ఉత్తరం వస్తుంది.

టి. బ్యార్నె


ఆర్హుస్,
12 మార్చి

టోర్కిల్ గారికి,

ఇరవై ఎనిమిదేళ్ళలో మీరు నన్ను "మీరు" అనడం ఇదే మొదటిసారి. డాక్టరేట్ వచ్చినప్పుడు అనలేదు, ప్రొఫెసర్ అయినప్పుడు అనలేదు. ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. సైకిల్ తాళం కోసం చెయ్యి పెట్టిన ప్రతిసారీ అదే తగులుతోంది.

క్షమించండి. అలా అడగకూడదు, ఆ మాట ముందే చెప్పాలి. భయం పట్టుకుంటే నాకు నోరూ మెదడూ వేరుపడతాయి.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే ల్యాబ్‌లో కూర్చుని పాత రోజులు తలుచుకున్నాను. అరవై ఎనిమిదిలో నేను చేరిన మొదటి వారం గుర్తుందా? ఒక్క బొట్టు కొలవడం నాతో నలభైసార్లు చేయించారు. నలభయ్యోసారి సరిగ్గా వస్తే "ఇప్పుడు ఎడమచేత్తో" అన్నారు. ఆ శుక్రవారం నేను ఇంటికి వెళ్తుంటే నా చెవి మీదున్న పెన్సిల్‌ను ద్వారం దగ్గర లాక్కున్నారు. "ఇది ప్రభుత్వ సొత్తు, అమ్మాయ్. ఇవాళ పెన్సిల్, రేపు మైక్రోస్కోప్" అని అందరి ముందూ అన్నారు. నేను ఏడ్చాను. ఇప్పటికీ ఇంటికి వెళ్ళేముందు చెవులు తడుముకుంటాను.

అలాంటి మనిషిని పట్టుకుని నేను అడిగిన ప్రశ్న చూడండి!

ఒక్క సహాయం చేయండి. కోపం ఉంచుకునే చేయండి. ఆ నవంబరు 18న గది తాళం తీసిన దగ్గర్నుంచి వేసిన దాకా ఏం చేశారో వరసగా రాయండి. కుర్చీ ఎటు జరిపారో కూడా వదలకండి.

ఇక్కడ కొత్తేమీ లేదు. పోయిన శుక్రవారం కేకు సునీవది. పాపం, ఒక డిష్‌లో నలభై ఒకటి వేసి, వెచ్చటి పెట్టెలో వెనక వరసలో పెట్టి, ఫిల్మ్ తీయడం మరిచిపోయింది. మర్నాడు బయటికి తీసి మామూలుగా చూస్తే ప్రతి కణంలోనూ రెండేసి కేంద్రకాలు! మన వ్యాసంలో బొమ్మలాగే ఉందట. కానీ ఒక పగలూ రాత్రీ మందులో నానింది, కణాలకు జబ్బు చేసి ఉంటుంది, పైగా విడిపోయేటప్పుడు ఎవరూ చూడలేదు, దాన్నేం నమ్ముతాం? పారబోసి, జాబితాలో "డిష్ మరిచిపోయాను" అని రాసి సంతకం పెట్టింది. కేకు యాలకులతో చేసింది, బాగుంది.

ఇంగెలీస


మార్‌స్టాల్,
19 మార్చి

ఇంగెలీసా,

ఉత్తరం చదివి రెండు రోజులు క్రెస్టెన్‌కు తలుపు తీయలేదు. తేలు కుట్టిన దొంగలా లోపలే కూర్చున్నాను.

చంకలో పిల్లను పెట్టుకుని మీరిద్దరూ ఊరంతా వెతుకుతున్నారు. ఆ పిల్లకు కేకు కూడా చేయించారు! సునీవ మరిచిపోయిన డిష్ ఒక్కటే మీ ల్యాబ్‌లో సరిగ్గా జరిగిన ప్రయోగం. అది చీకట్లో ఉంది. నీలి వెలుగు దాని మీద పడలేదు. నలభై ఒకటి పొడి ఏ రంగో చూడు. పసుపు. పసుపు వస్తువు నీలి వెలుగును తింటుంది. ఫొటోలు కడిగే ఎవణ్ణడిగినా చెబుతాడు. మీ అందమైన యంత్రం పది సెకన్లకొకసారి నీలి వెలుగు కొడుతోంది, మందు దాన్ని తిని చస్తోంది, కూలీలు ముద్ద మింగి తాడు అందుకుంటున్నారు. ఇది నా ఊహ. కానీ నా నాలుగు కోళ్ళనూ పందెం కాస్తాను, గుడ్డిదాంతో సహా.

మరి నా పద్నాలుగు డిష్‌లు ఎందుకు పనిచేశాయి? నువ్వు తాళం తీసిన దగ్గర్నుంచి రాయమన్నావు. రాస్తున్నాను. చదివేముందు కూర్చో.

ఆ గది ఫొటోలు కడిగే మన డార్క్‌రూం. పాత మైక్రోస్కోప్ అక్కడికి మార్చాను, నిశ్శబ్దంగా ఉంటుందని అందరికీ చెప్పాను. అబద్ధం. రిటైరయ్యాక పుట్టిన దీవికి వచ్చేయాలని అప్పటికే అనుకున్నాను. నలభై ఏళ్ళు బయట బతికినవాణ్ణి ఇక్కడ ఎవరు పట్టించుకుంటారు? క్రెస్టెన్ ఒక మాట అన్నాడు. "సంఘానికి కోళ్ళ కేలెండర్ వేయాలోయ్, నీకు ఫొటోలొచ్చుగా." సరే అన్నాను. పన్నెండు నెలలకు పన్నెండు కోళ్ళు. వేసవిలో వచ్చి ఫొటోలు తీశాను, నవంబరులో ప్రింట్లు వేశాను. ఎక్కడ? మన డార్క్‌రూంలో. ఎవరి కాగితం మీద? ప్రభుత్వ కాగితం మీద. ఎవరి పని వేళల్లో? అదీ చెప్పాలా?

ఒక చేతివైపు కోళ్ళు రసాయనంలో తేలుతుండేవి, ఇంకో చేతివైపు కణాలు. ఒక కోడి ముక్కు, కళ్ళు బయటపడేలోగా ఒక కణం చూసెయ్యవచ్చు. అందుకే పద్నాలుగు డిష్‌లు. పక్కన ఫొటో కాగితం తెరిచి ఉంటే మైక్రోస్కోప్ దీపం వెలుగు పడి పాడవుతుంది కదా, అందుకని దీపానికి ఎర్ర గాజు బిగించాను. మధ్యాహ్నం మొత్తం ఆ గదిలో ఎర్ర వెలుగు తప్ప ఇంకేమీ లేదు. నలభై ఒకటి కోసం కాదు ఇంగెలీసా. లెగ్‌హార్న్ జాతి కోడిపెట్ట కోసం.

నోట్‌బుక్‌లో రాయలేదు. ఎర్ర గాజు అని రాస్తే ఎందుకని అడుగుతారు. మరక లేదన్నావే, నిజమే, ఇంటికెళ్ళి చిత్తు ప్రతి నుంచి తిరగరాశాను. ఆ చిత్తు ఎక్కడుందని మాత్రం అడక్కు.

ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులుంటాయి. నీ పెన్సిల్ లాక్కుని నిన్ను ఏడిపించిన మనిషి పన్నెండు కోళ్ళకు సర్కారు సొమ్ముతో సింగారం చేశాడు. నీ ప్రశ్నకు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? సగం కోపం నీ మీద కాదు.

మొదట్నుంచి చివరిదాకా ఎర్ర వెలుగులో చేసి చూడు. మెరిసే రంగు వద్దు, మామూలు దీపానికి ఎర్ర గాజు చాలు. పత్రికకు "ఎర్ర వెలుగులో చేశాం" అని మాత్రం రాయి. కోళ్ళ ఊసు ఎత్తకు. ఈ వయసులో నాకు మిగిలింది తలుపు పక్క కుర్చీ ఒక్కటే.

టోర్కిల్


ఆర్హుస్,
2 ఏప్రిల్

టోర్కిల్ గారూ,

పనిచేసింది!

డార్క్‌రూంలో పాత మైక్రోస్కోప్ మీద దుమ్ము దులిపాం. సునీవ తన సైకిల్ వెనక దీపం ఊడదీసి ఆ ఎర్ర గాజును దీపానికి టేపుతో అంటించింది. కణం నడుము బిగించడం మొదలుపెట్టింది, సగం దాకా నొక్కుకుంది, ఆగింది. తర్వాత ఆ నొక్కు మెల్లగా వదులైపోయి, లోపల రెండు కేంద్రకాలతో ఒక్క గుండ్రటి కణం కూర్చుంది. సునీవ "ముద్ద మింగలేదు" అంది. (మీ క్రెస్టెన్ కథ చదివి వినిపించాను.) తర్వాత అదే డిష్ మీద నీలి వెలుగు కొట్టాం. పది నిమిషాల్లో పక్క కణాలు నడుం బిగించి రెండైపోయాయి. ఆమె మొదటిసారి కిటికీ వైపు తిరక్కుండా నవ్వింది. పదకొండుసార్లు చేశాం, పదకొండుసార్లూ అంతే.

మీ కోళ్ళ సంగతి చదివి నేను నేల మీద కూర్చుని నవ్వాను. కూర్చోమన్నారుగా. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకో ఇప్పుడు చెప్పాలి. నెల రోజులుగా దాస్తున్నాను.

మీ జవాబు మంచులో చిక్కుకున్న వారంలో, మార్చి ఒకటిన, మన డిపార్ట్‌మెంట్ పెద్ద ఎబ్బె అడిగాడని ఒక కాగితం రాసిచ్చాను. "ఆ ప్రయోగాలు చేసిన సాంకేతిక సహాయకుడి నోట్‌బుక్ నమ్మదగినదని నేను పూచీ ఇవ్వలేను." కింద నా సంతకం. మీ పేరు కూడా రాయలేదు, "సాంకేతిక సహాయకుడు" అన్నాను. అదే అన్నిటికంటే సిగ్గుగా ఉంది. ఎబ్బె దాన్ని పత్రికకు పంపేశాడు. ఆ తర్వాత మీకు పెన్సిల్ కథ రాసి, పాత రోజులు తలుచుకుని, క్షమించమన్నాను. క్షమించాల్సిన అసలు పని మాత్రం చెప్పలేదు.

నిన్న ఎబ్బె దగ్గరికి వెళ్ళాను.

"మందు పనిచేస్తోంది, మంచిదే. కానీ ఆ పద్నాలుగు డిష్‌లు నిజంగా జరిగాయని ఎలా చెప్తావ్?" అన్నాడు.

"ఎర్ర గాజు పెట్టారు. అందుకే వచ్చాయి."

"నోట్‌బుక్‌లో లేని గాజు నాలుగేళ్ళకు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? ఎవడైనా మైక్రోస్కోప్‌కి ఎర్ర గాజు ఎందుకు పెడతాడు, చెప్పు!"

నాకు కారణం తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. మీకు మాటైతే ఇవ్వలేదు గానీ, చెప్పొద్దని మీరు అడిగారు. "కనుక్కుని చెప్తా" అని బయటికొచ్చాను.

నా కాగితం మాత్రం వెనక్కి తీసుకున్నాను. శుక్రవారం కాఫీ దగ్గర అందరి ముందూ దాన్ని చదివి, తప్పని చెప్పాను. కానీ పత్రిక ఫైల్లో ఒకసారి పడిన మాట నా ఒక్కదాని మాటతో చెరగదు. కారణం లేని ఎర్ర గాజు చూపిస్తే మీరు అంకెలు పుట్టించిన మనిషిగానే అక్కడ ఉండిపోతారు. కారణం చెబితే మీ కుర్చీ పోతుంది. మీరే చెప్పండి. ఎలా అంటే అలా రాస్తాను. ఏమీ రాయవద్దంటే వ్యాసం వెనక్కి తీసుకుంటాను. ఆ మాట నిజంగానే అంటున్నాను. ఈసారి నవ్వుతూ అడగడం లేదు.

ఇంగెలీస


మార్‌స్టాల్,
16 ఏప్రిల్

ఇంగెలీసా,

బాధపడ్డాను. దాచడం నాకు చాతకాదు, కోళ్ళ విషయంలో తప్ప. "సాంకేతిక సహాయకుడు" అన్న మాట దగ్గర ఉత్తరం బల్లమీద పెట్టి రేవు దాకా నడిచి వచ్చాను. మంచు కరిగింది. పడవలు కదులుతున్నాయి.

నడుస్తూ లెక్క వేసుకున్నాను. నీకు నోట్‌బుక్ నమ్మడం నేర్పింది ఎవరు? నేను. మనిషి ముఖం కాదు, పేజీ చూడు అని ఇరవై ఆరేళ్ళు నీ చెవిలో నూరిపోశాను. నువ్వు పేజీ చూశావు. పేజీ అబద్ధం చెప్పలేదు గానీ నోరు మూసుకుంది. కాబట్టి నీ తప్పులో సగం నాది. మిగతా సగం నీ దగ్గరే ఉంచుకో, నీకూ ఏదో ఒకటి ఉండాలి.

కోళ్ళ సంగతి రాసెయ్. అంతా రాయి. అంకెలు పుట్టించానని అనిపించుకోవడం కంటే కాగితం దొంగ అనిపించుకోవడం మేలు. రెండోది నిజం కూడాను.

ఎబ్బెకు సాక్ష్యం కావాలి కదా. చిత్తు ఎక్కడుందని అడక్కు అన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఎర్ర వెలుగులో నోట్‌బుక్ ఎక్కడ పెట్టానో కనపడక, చేతికందిన ప్రింటు వెనకే టైమూ, డిష్ నంబరూ, లెక్కా రాసుకున్నాను. ఆ ప్రింట్లను కేలెండర్ అచ్చయ్యాక ఒక్కో కోడి యజమానికి ఒక్కోటి ఇచ్చాను. అవి ఈ దీవిలో పన్నెండు వంటిళ్ళలో గోడలకెక్కాయి.

కాబట్టి ఆదివారం సంఘం మీటింగులో తలుపు పక్క కుర్చీలోంచి లేచి మొత్తం చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. నిజంగా నిశ్శబ్దమైందో, నాకే వినపడలేదో తెలియదు. క్రెస్టెన్ దగ్గరికొచ్చి నా మంచి చెవిలో అరిచాడు.

"కోళ్ళను దొంగిలించినోళ్ళని చూశాం గానీ, కోళ్ళకోసం దొంగిలించినోణ్ణి ఇప్పుడే చూస్తన్నాం! లేవండ్రా, గోడలకున్నవన్నీ పట్రండి!"

రెండు రోజుల్లో పదకొండు వచ్చాయి. ఒకదానిమీద చేపల పులుసు పడింది, అంకెలు మాత్రం చెడలేదు. మార్చి, జూన్ కోళ్ళ వెనక రెండేసి డిష్‌లున్నాయి. ఆగస్టు కోడి మాత్రం దొరకదు. దాని యజమానురాలు ఆ ఫొటో తన చేతుల్లో పెట్టి పాతిపెట్టమని చెప్పి పోయిన ఏడాది చనిపోయింది. అలా పదో డిష్ సాక్ష్యం మార్‌స్టాల్ శ్మశానంలో ఉంది. ఎబ్బె మరీ పట్టుబడితే నా దగ్గర పార ఉంది, వచ్చి తవ్వుకోమను.

మిగతా పదమూడు డిష్‌లనూ, అంటే పదకొండు కోళ్ళనూ, నేనే తెస్తున్నాను. పోస్టులో వేయను. శుక్రవారం పొద్దుటి పడవకు బయల్దేరితే కాఫీ వేళకు అక్కడుంటాను. జాబితాలో నా పేరు నేనే రాసుకుంటాను, సంతకం పెడతాను. కానీ కేకు తేను. పడవలో నలుగుతుంది. ఈసారి కేకు నీది. యాలకులు సునీవనడిగి వెయ్.

కుర్చీ సంగతి చెప్పలేదు కదూ. తలుపు పక్క కుర్చీ తీసి ముందు వరసలో వేశారు. వచ్చే ఏడాది కేలెండర్ కూడా నన్నే వేయమన్నారు, ఈసారి మా కాగితం మీద అని క్రెస్టెన్ మూడుసార్లు చెప్పాడు. బారోమీటర్ మళ్ళీ చూస్తున్నాను. శుక్రవారం గాలి ఉండదు.

టోర్కిల్

ఇంకొక మాట. కోళ్ళ వెనక రాతంతా పెన్సిల్‌తో ఉంది. ఎక్కడి పెన్సిల్ అని ఎబ్బె అడగడు, అడగాల్సింది నువ్వు. అరవై ఎనిమిదిలో ద్వారం దగ్గర నీ చెవి మీంచి తీసుకున్నది నేను స్టోర్‌లో తిరిగి ఇవ్వలేదు. జేబులో పెట్టుకున్నాను, అలాగే ఉండిపోయింది. చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలింది. కవరు మూలలో గట్టిగా తగులుతున్నది అదే. తీసుకో, అమ్మాయ్. ఇంటికి పట్టుకెళ్ళు.